ఫైనల్ దాచుకున్న సినిమా

దేశం కాని దేశంలో, మేముండే పాపటోయిటోయి ఊళ్ళో మావారు పనిచేసే గోడౌన్ మూతబడింది. మా వీసా ఆ ఉద్యోగం మీదే ఉంది. గడువులోగా ఇంకొకటి దొరక్కపోతే పెట్టెలు సర్దుకోవాల్సిందే. నాకు అన్నం సహించేది కాదు. ఆయనేమో సోఫాలో కూలబడి అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్ సినిమాలు చూసేవారు.

నాకు ఒళ్ళు మండిపోయేది. పేరుకి ఫుట్‌బాల్, కాలితో తన్నేదే తక్కువ! “ఉద్యోగం వెతుక్కోండంటే ఈ కుర్రాళ్ళ కుస్తీలేంటండీ?” అని అరిచేదాన్ని. అరుస్తూ అరుస్తూనే ఓ రోజు పక్కన కూర్చున్నాను. ఇక లేవలేకపోయాను.

ఏముంది వాటిలో, అచ్చం మన సినిమాలే. ఊరంతా ఆ జట్టు మీదే ప్రాణాలు పెట్టుకుంటుంది. కోచ్ బండబూతులు తిడతాడు, కుర్రాళ్ళు బురదలో దొర్లుతారు, మనం ఇక్కడ చప్పట్లు కొట్టేస్తాం. అన్నిటికంటే నాకు నచ్చింది వాళ్ళ సెంటిమెంట్లు. ఒక సినిమాలో మైదానంలోకి పరిగెత్తే ముందు ఒక్కొక్కడూ తలుపు పైనున్న చెక్కను తాకి వెళ్తాడు. ఓరి మీ దుంపతెగ, మీరూ మాలాంటివాళ్ళేరా అనుకున్నాను.

ఆ సినిమా ఫైనల్ దాకా రాగానే ఆయన రిమోట్ నొక్కి ఆపేశారు. “ఇది ఉద్యోగం వచ్చాకే చూద్దాం” అన్నారు. ఇంతకుముందు ఏదో సినిమా ఫైనల్ చూసిన మర్నాడే ఇంటర్వ్యూ పోయిందట. క్రికెట్‌లో మనవాడు బాగా ఆడుతుంటే నన్ను కుర్చీలోంచి లేవనివ్వని మనిషి, ఆయనతో ఏం వాదిస్తాను? నిజానికి నాకూ భయమేసింది.

హామిల్టన్ ఊళ్ళోని ఓ కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. గడువులోపల ఇంకో అవకాశం లేదు. ఆ రోజు ఆయన గడప దాటేసరికి నేను ఎదురు రావాలి కదా! బొట్టు పెట్టుకుని, వెనక తలుపులోంచి వెళ్ళి, వానలో గ్యారేజీ చుట్టూ తిరిగి వచ్చాను. పక్క ఫ్లాట్‌లోని ఫిజీ ఆంటీ కిటికీలోంచి చూసి, తాళంచెవి మర్చిపోయావా అని ఇంగ్లీషులో కేకేసింది.

సాయంత్రం ఆయన వచ్చి, బూట్లు కూడా విప్పకుండా అన్నారు. “ఆ ఫైనల్ పెట్టు.”

నా ప్రాణం లేచొచ్చింది. “వచ్చిందా! వచ్చిందాండీ!” అని చెయ్యి పట్టుకున్నాను.

“లేదు. పర్మనెంట్ రెసిడెన్సీ ఉన్నవాళ్ళే కావాలట. ఇంక దాచుకోవడం దేనికి?”

ఏడుస్తూనే పెట్టాను. కుర్రాళ్ళు చెక్కను తాకారు, ప్రాణం పెట్టి ఆడారు, ఓడిపోయారు.

“చచ్చినోళ్ళు! దీనికోసమా ఇన్నాళ్ళు దాచుకున్నాం?” అన్నాను. ఆయన నవ్వబోయి భోరుమన్నారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. ఏం చెయ్యాలో తోచక టీవీ వైపు తిరిగాను. తలలు దించుకుని లోపలికి వెళ్తూ కూడా కుర్రాళ్ళు ఆ చెక్కను తాకుతున్నారు.

మర్నాడు పొద్దున్న ఆయన పాలు తేవడానికి వీధి చివరి డెయిరీ కొట్టుకి బయల్దేరారు. నేను గబగబా బొట్టు దిద్దుకుని, వెనక తలుపు తీసి, గ్యారేజీ చుట్టూ పరిగెత్తి ఎదురొచ్చాను.