గోడ మీద నిలవని అక్షరాలు

నాకు చదువు అరవయ్యో ఏట వచ్చింది. దానంతటది రాలేదు, జుట్టు పట్టుకుని లాక్కొచ్చాను.

శ్రీకాకుళంలో పాత గోగునార గోదాం ఒకటుండేది. దాన్ని బాగుచేసి కళాభవనం అని బోర్డు కట్టారు. ముందు హాల్లో డేన్సులు, నాటకాలు. వెనక గదిలో సాయంత్రాలు మాలాంటి పెద్దోళ్ళకి అక్షరాలు. నేర్పినావిడ ఎచ్చెర్లలో పాఠాలు చెప్పే లెక్చరరమ్మ. ఎండుచేపల బుట్ట గుమ్మం బయట దించి లోపలికెళ్ళేదాన్ని. వాసనని ఎవరూ ముక్కు మూసుకోలేదు. మూసుకునుంటే మానేద్దునేమో, చెప్పలేను.

మా మావ మాత్రం ఊరుకోలేదు. మావంటే నా మొగుడే, మేనత్త కొడుకు.

"ఈ వయసులో అచ్చరాలేటే? సచ్చినాక యముడి కాడ సంతకం పెడతావేటి?"

"పెడతాను. నీకు వేలిముద్రే గతి" అన్నాను.

ఆయన వయసులో ఉన్నప్పుడు భాగోతంలో ఆడవేషం కట్టేవాడు. పగలు వల, రాత్రి గజ్జె. గొంతు పోయాక గజ్జెలు పెట్టెలో పెట్టేశాడు. ఆ తరవాత ఆయన దేనికీ నడుం నిటారుగా పెట్టి కూర్చోడం నేను చూళ్ళేదు.

ఓ రోజు బస్టాండు కాంప్లెక్సులో బస్సు బోర్డు చదివి మావకి చెప్పాను, అది కొత్తవలస పోయే బస్సని. అంతే. ఆ సాయంత్రానికల్లా ఊరంతా చాటింపేశాడు. "మా ఆడది బోర్డు సదువుతాది. పేపరు సదువుతాది." పేపరు అబద్ధం. పెద్దక్షరాలున్న హెడ్డింగులు కూడబలుక్కునేదాన్ని, అందులోనూ సగం ఊహ. కానీ వెక్కిరించిన నోటితోనే గొప్పలు చెప్పుకుంటుంటే అడ్డం పడబుద్ధి కాలేదు. ఆ గొప్ప నాకు తియ్యగా ఉండేది. తప్పంతా అక్కడే మొదలైంది.

పెద్ద తుఫానొకటి వచ్చి గోదాం రేకులు లేచిపోయాయి. కొత్త రేకులు పడ్డాక, ఆ శీతాకాలం, లెక్చరరమ్మ కొత్త పనొకటి పెట్టుకుంది. సముద్రాలవతల ఏదో పెద్ద ఊళ్ళో మాటల్లేకుండా మొత్తం పాటలతోనే ఆడే నాటకాలున్నాయట, ఒపేరా అంటారట. అక్కడ ఆడుతుండగానే ఇక్కడ తెర మీద చూపిస్తుందట. అక్కడ ఆదివారం మధ్యాహ్నం, మనకి దీపాలేళ. నాలుగు ఆదివారాలు, నాలుగు ఆటలు. ఆ భాష మనకి రాదు కాబట్టి పాటలన్నీ ముందే తెలుగులో రాసిపెట్టుకుంది. తెర పక్కన తెల్ల గోడ మీద ఆ వరసలు ఒకటొకటే వేసేది. పాట నడుస్తుంటే హాలు వెనకాల కంప్యూటరు ముందు కూర్చుని వరస తరవాత వరస నొక్కడం ఆమె పని.

"తప్పకుండా రండమ్మా. గోడంత అక్షరాలు, మీకు చదువుకోడానికి బాగుంటుంది" అంది.

"పాటలా? నానూ వస్తాను" అన్నాడు మావ, ఉతికిన చొక్కా వెతుక్కుంటూ.

మొదటి ఆదివారం మేమిద్దరం రెండో వరసలో కూర్చున్నాం. తెర మీద సన్నటి ఆడమనిషి నోరు తెరిచింది. ఆ గొంతుకి పైన కొత్త రేకులు జుమ్మన్నాయి. పక్కకి చూస్తే మావ నిటారుగా కూర్చున్నాడు. మోకాళ్ళ మీద వేళ్ళు తాళమేస్తున్నాయి.

పాట అయీ అవకుండానే లేచి "వన్స్ మోర్!" అని అరిచాడు. మా భాగోతంలో అది పద్ధతి. నచ్చిందంటే అరుస్తాం, అరిస్తే మళ్ళీ పాడాలి. పాడకపోతే ఆ ఆటగాడికి పొగరని పేరు. ఆవిడ పాడలేదు, తన దారిన తను పోయింది. హాలంతా గొల్లున నవ్వింది.

"పొగరు" అన్నాడు మావ కూర్చుంటూ. కొంతసేపటికి మోచేత్తో నన్ను పొడిచాడు. "ఏటంతన్నాది? ఒసే, ఏటంతన్నాది?"

గోడ వేపు చూశాను. 'నీ కళ్ళలో' దాకా దొరికింది. కళ్ళలో ఏముందో తెలిసేలోపు వరస మారిపోయింది. తరవాత దాంట్లో 'రాత్రి' ఒక్కటే చిక్కింది. ఆ తరవాత దాంట్లో అదీ లేదు. మా గదిలో పలక మీద అక్షరాలు నాకోసం ఆగేవి. ఇవి ఆగవు. నా కాళ్ళు కుర్చీ కింద ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.

అందలేదని చెప్పాల్సింది. ఒక్క మాట. "నీ కళ్ళలో సముద్రం ఉందంతంది" అన్నాను.

"ఓహో" అన్నాడు. ఆ ఓహోకి నేను పడిపోయాను.

తెర మీద ఆవిడ పక్కకి ఓ సన్నవాడు చేరాడు. ఇంతలో లావుపాటి మనిషొకడొచ్చి ఆవిడ చెయ్యి పట్టి గుంజాడు. "ఈడెవుడు?"

"మేనమావ."

"ఏటి గొడవ?"

"ఆ సన్నవాడికి పిల్లనివ్వనంటన్నాడు."

మావ తొడ చరుచుకున్నాడు. "అదీ! దేశాలు దాటినా బాగోతం ఒకటేనే."

ఆ వారమంతా నాకు నిలకడ లేదు. చేపలకి ఉప్పు పట్టిస్తూ నౌపడ ఉప్పు బస్తా సగం ఒలకబోశాను. తూకం వేస్తూ మర్చిపోయి మళ్ళీ వేసేదాన్ని. ఆ పాటలు రాసిన కాయితాలు ముందే ఇమ్మని లెక్చరరమ్మని అడిగితే ఇచ్చును. కానీ అడిగితే నా చదువెంతో తెలిసిపోతుంది. రెండో ఆదివారం ఇంకో ఆట, ఇంకాసిని అబద్ధాలు. అందులో వచ్చిన ముసలిరాజుని కోడలి మీద అనుమానం పెట్టుకున్న మావగారిని చేశాను. అతనెవరో నాకిప్పటికీ తెలీదు.

ఆ మంగళవారం బయటపడింది. ఒడ్డున వలలు బాగుచేసే పాకలో మావ ఆ మొదటి ఆట కథ చెప్తున్నాడు. లేని గొంతుతోనే రాగం కూడా తీస్తున్నాడు. నేను బుట్టతో అటే వస్తున్నాను. మా వీధి పాటల మేస్త్రి, చర్చిలో పిల్లలకి పాటలు నేర్పే మనిషి, అక్కడే కూర్చున్నాడు. ఆయనా ఆ ఆటలకొచ్చేవాడు. చెడ్డవాడు కాదు, నోరాగదు.

"బావా, మేనమావేటి? ఆ లావుపాటోడు ఆవిడ మొగుడు కదా."

"మొగుడా?"

"మొగుడే. ఆ సన్నోడు ఊళ్ళోకొచ్చిన సిపాయి. గోడ మీద సక్కా రాసినారు. నీకెవులు సెప్పినారు మేనమావని?"

వలల దగ్గరున్నోళ్ళు సూదులు వదిలేసి నవ్వారు. "పేపరు సదివిన మా ఒదినే సెప్పుంటాది!" అని ఎవడో అన్నాడు. మావ నవ్వలేదు. నా వేపు చూశాడు. నేను బుట్ట ఎత్తుకుని వెనక్కి తిరిగి నడిచాను, ఎవరో తరుముతున్నట్టు.

ఇంటికొచ్చి అరుస్తాడనుకున్నాను. కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు.

"రాలేదని సెప్పితే నీకేటి పోద్ది?"

"నీ గొప్ప పోద్ది."

"ఇప్పుడున్నాదేటి?"

నేను లోపలికి పోయి పొయ్యి రాజేశాను.

మూడో ఆదివారం దీపాలేళకి ఉతికిన చొక్కా బయటికి తియ్యలేదు ఆయన. నేనూ వెళ్ళలేదు. వాకిట్లోకి, పెరట్లోకి తిరుగుతూనే ఉన్నాను. తుడిచిన గిన్నెలే మళ్ళీ తుడిచాను. ఆయన వంగిపోయి కూర్చున్నాడు, గజ్జెలు పెట్టెలో పెట్టిననాటిలా. పాటల కోసం నిటారుగా కూర్చున్న మనిషిని పాటలకి దూరం చేసింది నా చదువు కాదు, నా అబద్ధం. ఇంకొక్క ఆదివారమే ఉంది. అదీ పోతే ఆ నడుం మళ్ళీ లేవదేమోనని భయం పట్టుకుంది.

"మావా, ఆ వరసలు నాకందవు. మూడు మాటల్లో ఒకటందుతాది. మిగతావి నేనే పుట్టించాను" అన్నాను.

ఆయన విననట్టే చుట్ట ముట్టించుకున్నాడు.

నాలుగో ఆదివారం నేను నీళ్ళు తెచ్చుకుని వచ్చేసరికి చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడున్నాడు.

"పద. సదివినంతే సెప్పు. రాంది రాలేదని సెప్పు. మిగతాది ఆ పాటే సెప్తాది నాకు."

ఆవేళ తెర మీద పెద్ద తలుపు. తలుపు బయట ఒక ఆడమనిషి ఒక్కతే, తల మీద నుంచి గుడ్డ జారిపోయి. పాట మెల్లగా మొదలైంది.

"చలి…" అన్నాను. "పోయింది."

"పోనీ."

"ఎవరూ… పోయింది."

"సరే."

ముందు వరసలోంచి ఒకావిడ వెనక్కి తిరిగి "కాస్త నెమ్మదిగా సదూకో పిన్నీ" అంది. "అచ్చరాల్నే నెమ్మదిగా పొమ్మను" అన్నాను.

తరవాతి వరస కొంచెంసేపు నిలబడింది. వేలు గాల్లో పెట్టుకుని నడిపించాను. "తలుపు… తీయండి… నేను… దొం…" మారిపోయింది.

"దొం ఏటి?"

"పోయింది మావా."

మావ లేచాడు. తెర వేపు కాదు, హాలు వెనక్కి, లెక్చరరమ్మ వేపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి "వన్స్ మోర్!" అన్నాడు.

హాలు మళ్ళీ నవ్వింది. పాటల మేస్త్రి "కూకో బావా" అన్నాడు. తెర మీద ఆవిడ పాడుకుంటూ పోతూనే ఉంది. కానీ గోడ మీద అక్షరాలు చటుక్కున వెనక్కొచ్చాయి. ఆ వరసే. వచ్చి నిలబడిపోయింది.

"ఓలమ్మ, ఎనక్కి తిప్పీసినారేటి!" అన్నారెవరో. "పాటొకటి, రాతొకటి అయిపోనాది!"

నేను లేచి నిలబడ్డాను. కూర్చుని చదివే ఓపిక లేదు నాకు. "తలుపు తీయండి. నేను దొంగను కాను. ఈ ఇంటి మనిషినే." హాలంతటికీ వినబడేలా చదివాను. ఒక్క అక్షరం కూడా పుట్టించలేదు.

"దొంగ కాదంట" అన్నాడు మావ ముందు వరసావిడతో, ఆవిడ చదవలేదేమో అన్నట్టు. తరవాత కూర్చున్నాడు. "ఇంటి మనిసేనా? అలా సెప్పు. అందుకే ఆ పాటలో అంత ఏడుపు."

పాట ఎంతో దూరం పోయింది. దాన్ని అందుకోడానికి లెక్చరరమ్మ టకటకా నొక్కుతుంటే నాలుగైదు వరసలు గాలికి ఎగిరిపోయినట్టు పోయాయి.

"పోయింది" అన్నాను. "ఇదీ పోయింది. ఇదీ."

"పోనియ్" అన్నాడు. వేళ్ళు మోకాళ్ళ మీద తాళమేస్తూనే ఉన్నాయి.