సాఫ్ట్ చేసిన చెంప

లాల్‌దర్వాజాలోని ఒక ఫోటో స్టూడియోలో తొమ్మిదేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ముఖాలను నునుపు చేయడం నా పని. మొటిమలు, మచ్చలు, కళ్ల కింది నలుపు, నుదుటి గీతలు అన్నీ మౌసుతో తుడిచేసి, పైన కాస్త తెలుపు పట్టించాలి. మా సేటు దాన్ని ‘సాఫ్ట్’ అనేవాడు. సాఫ్ట్ చేయని ముఖం షాపు గడప దాటకూడదని ఆయన ఆజ్ఞ.

మొదట్లో సరదాగానే ఉండేది. పోనుపోను రోత పుట్టింది. ఎవరిని చూసినా ఒకటే ముఖం, ఉడకబెట్టి పొట్టు తీసిన ఆలుగడ్డలా. ఒకసారి జహనుమా నుంచి వచ్చిన ముసలమ్మ తన ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి, “యే కౌన్ హై, బేటీ?” అని, ఇదెవరని నన్నే అడిగింది. పక్కనున్న కొడుకు మాత్రం, “మస్తుగున్నది, గిట్లనే ఉండాలె” అన్నాడు. ఎవరు నవ్వాలో తెలియక నేనే నవ్వి, ఫోటో కవర్లో పెట్టి ఇచ్చాను.

అది రోత మాత్రమే. అసలు అసహ్యం ఏమిటో ఒక బోనాల నెలలో తెలిసింది.

పండుగకు నాలుగు రోజుల ముందు ఉప్పుగూడ నుంచి ఒకామె వచ్చింది. కొంగుతో ఒక చెంప కప్పుకుంది. షాపులో నేను తప్ప ఎవరూ లేరని చూసుకుని కొంగు తీసింది. కంటి కింది నుంచి దవడ దాకా కమిలిపోయింది. పెదవి చిట్లింది.

“మా ఆయన కొట్టిండక్కా. ఇప్పుడు మా అన్న ఇంట్ల ఉంటున్న. మళ్ల ఆయన దగ్గరికి పోను అంటున్న. పెద్దమనుషులేమో బోనాలైనంక పంచాయితికి కూసుంటమన్నరు. అప్పటిదాంక ఇది మానిపోతది గదా. అందుకే ఫోటో కావాలె.”

ఫోన్లో తీసుకోలేదా అని అడిగాను.

“తీసిన. ఏం ఫోనో ఏమో, మొఖం తెల్లగ చేస్తున్నది. దెబ్బ కానొస్తలేదు. స్టూడియోల అయితే ఉన్నది ఉన్నట్టు వస్తదని వచ్చిన.”

ఆ మాటకు సిగ్గేసింది. మంచి లైటు పెట్టి, ప్రతి మచ్చా తెలిసేలా ఒక ఫోటో తీశాను. దీన్ని ముట్టుకోనని మాటిచ్చాను. పండుగ గిరాకీ కాబట్టి రెండు రోజులాగి రమ్మన్నాను. ఎప్పటిలాగే ఫోటోలన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసి, కెమెరా కార్డు ఖాళీ చేసి సేటుకు ఇచ్చేశాను.

మరునాటికి ఆ ఫోల్డర్‌లో అరవై ముఖాలున్నాయి. బోనం ఎత్తే ఆడపిల్లలు, వాళ్ల అమ్మలు, ఫ్లెక్సీల కోసం గల్లీ లీడర్లు. మీసం తిప్పిన ప్రతి లీడరుకూ పసిపిల్ల బుగ్గలు కావాలి. సేటు నెత్తిమీద నిలబడి లొల్లి పెడుతున్నాడు. అన్నేళ్ల అలవాటులో నేను ముఖాలు చూడటం ఎప్పుడో మానేశాను, మచ్చలే చూసేదాన్ని. మచ్చ కనబడింది, తుడిచాను. పెద్ద మచ్చ కనబడింది, రెండో చెంప నుంచి మంచి చర్మం తెచ్చి అతికించాను. పెదవి మీది గీత కలిపేశాను. పాత ఫోటో మీదే సేవ్ కొట్టాను. అది ఎవరి చెంపో నాకు తట్టనే లేదు. ప్రింట్లు తీసి కవర్లలో వేసి నంబర్లు రాశాను. చెప్పిన రోజు ఆమె గిరాకీ రద్దీలో వచ్చి, నంబరు చెప్పి తన కవరు తీసుకుపోయింది.

పండుగైన పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది. చెంప మామూలుగా ఉంది.

“కవరు నేను ఇప్పలేదక్కా. ఆ మొఖం మళ్ల చూస్కోబుద్ధి కాలే. పెద్దమనుషుల ముందట్నే ఇప్పిన. అందరు చూసిండ్రు. మంచిగనే ఉన్నవ్ గదమ్మా, దెబ్బ ఏడున్నది అన్నరు. దెబ్బ చూసిన మా అన్న గూడ, ఫోటో చూసి నా దిక్కు అదోలెక్క చూసిండు. మొగని దగ్గరికి పొమ్మన్నరు. పోయిన.”

నా చేతులంటే నాకే అసహ్యం వేసింది. ఫైలు తెరిచి చూశాను. దెబ్బ ఉన్న ఫోటో ఎక్కడా లేదు.

“నేనొస్త. నేనే తుడిచిన అని వాళ్లకు చెప్త” అన్నాను.

“తీర్పయినంక మళ్ల ఎవరు కూసుంటరక్కా?” అని ఆమె సంచిలోంచి ఆ ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. “దీన్ని పెద్దగ చేసియ్యి. మా ఆయనకు మస్తు నచ్చింది. ఫ్రేము కట్టించి ముందటి రూముల పెడతడంట.”

ఆమె కళ్లలోకి చూడలేక ప్రింట్ కొట్టాను. సేటు వచ్చి దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

“మస్తు చేసినవ్” అని నన్ను మెచ్చుకున్నాడు. “ఒక్క మరక లేదు.”

ఆమె అక్కడే నిలబడి వింటోంది.