చీర ఆరేసేంత ఎత్తు

శనివారం పొద్దున ఆరున్నరకు కర్నూలు బస్టాండులో కడప బస్సెక్కాను. నా ఒళ్ళోని సంచి చూసి కండక్టరుకు అనుమానమొచ్చింది. "ఏముండాది మా దాంట్లో? పైన పెట్టరాదా?" అన్నాడు. రేడియో అన్నాను. పాటలు పెట్టొద్దని ముందే హెచ్చరించి మైదుకూరుకు టికెట్టు కొట్టాడు. ఇది పాటలొచ్చే రేడియో కాదు, మనం మాట్లాడే రేడియో అని అతనికి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఏడాదిగా ఆ ముక్క కనబడినవాళ్ళందరికీ చెప్పి విసిగిపోయి ఉన్నాను.

మీకు మాత్రం చెబుతాను. హ్యామ్ రేడియో అంటారు దీన్ని. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. టవరు అక్కర్లేదు, నెట్టు అక్కర్లేదు. నా తీగ నుంచి బయలుదేరిన మాట ఆకాశానికి తగిలి వెనక్కొచ్చి ఎక్కడో ఇంకొకరి తీగ మీద వాలుతుంది. కర్నూలు పాత ఊళ్ళో మాది స్టీలు సామాన్ల అంగడి. పొద్దున్నుంచీ గిన్నెలూ చెంబులూ అమ్మి, మధ్యాహ్నం అంగట్లో జనం పలచబడ్డాక ఇంటికొచ్చి, డాబా మీద కట్టుకున్న తీగతో బెంగళూరుతోనో చెన్నైతోనో మాట్లాడేదాన్ని. పోయినేడు మా అపార్టుమెంటు కార్యదర్శి ఆ తీగ పిడుగుల్ని పిలుస్తుందన్నాడు. పిలిస్తే పలికే పనైతే వానను పిలుచుకునేదాన్ని కదా, కర్నూల్లో కాపురముంటూ పిడుగు నాకెందుకు? ఆ మాటే మీటింగులో అన్నాను. ఎవరూ నవ్వలేదు. చేతులెత్తి ఓటేసి తీగ విప్పించారు.

అప్పటినుంచి సెట్టు బీరువాలో ఉంది. అది హైదరాబాదులో ఉండే ఒక పెద్దాయన చెవిన పడింది. రేడియోలో మా అందరికంటే సీనియరు, ఇంటి మీద పెద్ద స్తంభం, దాని మీద పెద్ద యాంటెన్నా ఉన్న మనిషి. ఫోను చేసి, ఎత్తు లేనిదే ఈ విద్య లేదమ్మా, ఊరికే దుమ్ము పట్టించడమెందుకు, నాకిచ్చెయ్యండి, సోమవారం కర్నూలు మీదుగానే వస్తున్నాను అన్నారు. మా ఆయన కూడా ఇచ్చేయమనే అన్నాడు. ఆయనను తప్పుపట్టను. బీరువా తెరిచినప్పుడల్లా నా ముఖం ఎలా మారుతోందో చూసేది ఆయనే.

సరిగ్గా అప్పుడే బెంగళూరు కుర్రాళ్ళు కొందరు ఒక కొత్త పోటీ పెడుతున్నామని కబురు పెట్టారు. రేడియో పోటీలంటే రాత్రీ పగలూ కలిపి రెండు రోజులు సాగుతాయి. ఇది ఆదివారం పది నుంచి పదకొండు దాకా, ఒక్క గంటే. ఎక్కువమందితో, ఎక్కువ జిల్లాలతో మాట్లాడినవాళ్ళు గెలిచినట్టు. అందులో ఒక విచిత్రమైన నియమం పెట్టారు. రేడియోలో ఒక్కో అంకె, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీ, ఒక్కో చోటు. మామూలు పోటీల్లో గట్టి సెట్టున్నవాడు ఒక చోట బైఠాయించి గంటల తరబడి పిలుస్తుంటాడు, మిగతావాళ్ళు ఆయన దగ్గరికి పోవాలి. ఈ పోటీలో అట్లా కుదరదు. నువ్వు పిలిచావు, నేను పలికాను, మాట అయిపోయింది. ఇక ఆ చోటు నాది. నువ్వు లేచి ఇంకో చోటు వెతుక్కోవాలి.

ఖాళీ చెయ్యమనడం ఒక్క నాకే కాదు, అందరికీ వర్తించే పోటీ! చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయనకు ఒక్కటే చెప్పాను. బస్సులో మోసుకుపోగలిగిన సామానుతో ఏదో ఒక గుట్టెక్కి ఈ గంట మాట్లాడతాను. ఎవరికీ వినబడకపోతే సోమవారం సెట్టు ఇచ్చేద్దాం. వినబడితే ఇక దాని ఊసెత్తొద్దు. మైదుకూరే ఎందుకంటే కడప జిల్లా నుంచి ఆ పోటీలో ఒక్కరూ లేరు, కొత్త జిల్లాతో మాట్లాడితే ఎవరికైనా మార్కులు ఎక్కువ.

నంద్యాలలో బస్సాగినప్పుడు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. కారం బాగా పట్టి ఉంది. ఆళ్ళగడ్డలో నా పక్కన ఓబులమ్మ అని ఒకామె కూర్చుంది. కూతురింటికి పోయి వస్తోందట, మైదుకూరు దాటాక వాళ్ళ ఊరు. తూర్పున నల్లమల కొండలు, రోడ్డు పక్కన ఉడికిన పసుపు ఆరబోసిన కళ్ళాలు, ఆ వాసన కిటికీలోంచి లోపలికొస్తోంది. సంచిలో ఏముందని అడిగితే ఈసారి ఓపిగ్గా అంతా చెప్పాను. ఆమె విని, "గుట్టెందుకుమా ఎక్కడం? మా తోట కాడికి రాకూడదా? నీళ్ళుండాయి, నీడుండాది" అంది. రేడియోకి ఎత్తు కావాలని పెద్దాయన మాటే నేను ఆమెకు అప్పజెప్పాను.

పదకొండు గంటలకు మైదుకూరులో దిగి, నాలుగు రోడ్ల కూడలి దగ్గర లాడ్జిలో గది అడిగాను. మేనేజరు నా వెనక్కు చూసి, "ఒక్కదానివేనా మా?" అన్నాడు. ఒక్కదాన్నే అన్నాను. మీవాళ్ళు ఎవరైనా ఫోను చేసి చెబుతారా అన్నాడు. అంగడి లావాదేవీలన్నీ నా సంతకంతో నడుస్తాయి, గదికి కూడా నా సంతకం సరిపోతుందని చెప్పి ఆధార్ కార్డు బల్ల మీద పెట్టాను. తాళం ఇచ్చాడు. గది శుభ్రంగానే ఉంది, ఫ్యాను మాత్రం కొంచెం మూలుగుతుంది. మీలో ఎవరైనా పోతే వెనకవైపు గది అడగండి, లారీల మోత తగ్గుతుంది.

సాయంత్రం ఆటోలో పోయి గుట్ట ఎక్కి చూశాను. ఎన్నోసార్లు కడప పోతూ బస్సులోంచి చూసి మనసులో పెట్టుకున్న గుట్ట అది. పైన ఇప్పుడు సెల్ టవరు, దాని పక్కన కంచె, గుయ్యిమనే యంత్రాలు వెలిశాయి. సెట్టు పెట్టి చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుంటే జొన్నలు వేయిస్తున్నట్టు ఒకటే చిటపట. ఆ మోతలో మనిషి గొంతు ఎట్లా దొరుకుతుంది? కాపలా మనిషి కూడా వచ్చి ఈడ కూచోవద్దన్నాడు. మోకాళ్ళు పట్టేసి, కోపంతో దిగాను. అంత ఎత్తు చేరీ చెవిటిదాన్నయ్యాను. గదికి తిరిగొచ్చి మంచం మీద కూర్చుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు బస్సులో ఓబులమ్మ ఇచ్చిన ఫోను నంబరు గుర్తొచ్చి, ఆమెకు చేశాను.

ఆదివారం ఎనిమిదికి లాడ్జి కింద హోటల్లో కారం దోసె తిని ఆటో ఎక్కాను. కడప జిల్లా పోయి కారం దోసె తినకుండా వచ్చేవాళ్ళను నేను ఏమీ అనను, వాళ్ళ ఖర్మ. ఓబులమ్మ తోట ఊరికి కొంచెం ఎడంగా ఉంది. పసుపు తవ్వేసిన మడి, బోరు, పక్కన సిమెంటు తొట్టి. ఒకప్పుడు తీగపాదుల పందిరికి నాటిన కడప బండలు వరసగా నిలబడి ఉన్నాయి. చెయ్యెత్తితే అందేంత ఎత్తు, అంతే. ఆ కొస బండ నుంచి ఈ కొస బండకు తీగ లాగి కట్టాను. మధ్యలోంచి వైరు కిందికి దించి సెట్టుకు తగిలించాను. పెద్దాయన చూస్తే చెట్టుకు కట్టిన ఊయల కూడా ఇంతకంటే ఎత్తుంటుందమ్మా అనేవారు.

అప్పటికి బోరు మోటారు నడుస్తోంది, సెట్టులో అదే గుయ్యిమనే మోత. ఇక అయిపోయింది అనుకున్నాను. ఓబులమ్మ భర్త చెన్నయ్య మాత్రం నింపాదిగా, "తొమ్మిదిన్నరకు కరెంటు పోతాది మా, ఈ వారం మాది తెల్లవారుజాము వంతు" అన్నాడు. రైతుకు కరెంటు పోవడం ఎంత బాధో నాకు తెలుసు. కానీ ఆ పొద్దున మోటారు ఆగిన క్షణాన సెట్టులోని మోత మొత్తం ఆరిపోయి, ఆ నిశ్శబ్దంలోంచి ఎక్కడో ఒక మనిషి గొంతు సన్నగా వినబడింది. మీరు ఈ వైపు తీగ కట్టదలిస్తే గుట్టలు వెతకొద్దు, ఆ ఊరి మోటార్లకు కరెంటు ఎప్పుడు పోతుందో అడగండి.

పదింటికి మొదలైంది. నాది పది వాట్లు, ఇంట్లో వెలిగే బల్బంత. లైసెన్సుతో నాకిచ్చిన పేరు, కాల్‌సైన్ చెప్పి, కడప జిల్లా అని పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. నాలుగోసారికి బెంగళూరు కుర్రాడొకడు పలికాడు. ఏడాది తర్వాత నా పేరు ఒకరు గాలిలో పలికారు. చోటు అతనికిచ్చి జరిగాను. ఇంకో చోట చెన్నై, తర్వాత ఒంగోలు. పిలవడం, పలకడం, లేవడం, జరగడం. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాళ్ళలాగా ఎవరూ ఒకచోట నిలబడలేదు. గంట పోటీ తేలిక అనుకునేవాళ్ళు ఒకసారి ఆడి చూడాలి, నీళ్ళు తాగే సందు దొరకదు.

అట్లా ఉండగా సెట్టు మీది మీటరు ఎప్పుడూ లేని చోటికి జరిగింది. తీగ తెగిందేమోనని తల తిప్పి చూశాను. తీగ నిండా బట్టలు! పొద్దున కరెంటున్నంతసేపు తొట్టి నింపుకుని ఉతికిన చీరలు, పంచె, రెండు తువ్వాళ్ళు, నీళ్ళు కారుతూ వేలాడుతున్నాయి. తీగ ముట్టుకోవద్దని చెన్నయ్యకు చెప్పాను గానీ, తొట్టి దగ్గరున్న ఓబులమ్మకు చెప్పలేదు. ఆ బండలకు ఎప్పుడూ ఆమె బట్టల తీగే ఉంటుందట, పాతది తెగి వారమైంది. నేను కట్టింది చూసి, వచ్చినామె మంచి పని చేసిందనుకుంది.

"తీసేయల్లనా మా?" అంది నా ముఖం చూసి.

అప్పుడే చెవిలో చెన్నై మనిషి బాగా వినబడుతున్నావు, మార్పేమీ లేదు అన్నాడు. ఉండనీ, ఇక మీద కొసలు మాత్రం ముట్టుకోవద్దన్నాను. తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంది, నా బ్యాటరీ చిన్నది కాబట్టి సరిపోయింది. మీరు కడితే ముందే ఇంటిల్లిపాదికీ చెప్పండి.

ఇంకో పావుగంట ఉందనగా ఒకచోట గట్టిగా, గదిలో ఉన్నట్టే ఒక గొంతు వినబడింది. హైదరాబాదు పెద్దాయన. పలికాను. ఆయన గుర్తుపట్టి, "కడప నుంచా? ఇంత బాగా వస్తున్నారే! ఎంత ఎత్తున కట్టారమ్మా?" అన్నారు.

"చీర ఆరేసేంత ఎత్తు సార్" అన్నాను.

నవ్వారు, పరిహాసమనుకుని. మా మాట ముగిసింది. ఇక నియమం ప్రకారం ఆ చోటు నాది. ఆయన మాత్రం అలవాటు చొప్పున అక్కడే కూర్చుని మళ్ళీ పిలవడం మొదలుపెట్టారు. నేను పిలిస్తే నా పిలుపు ఆయన గొంతు కింద నలిగిపోయింది. పెద్దవారు, పోనీలే, ఇంకో చోటు చూసుకుందాం అని చెయ్యి చోటు మార్చే బటను మీదికి పోయింది కూడా. డాబా మీద తీగ విప్పిన రోజు సైతం ఇట్లాగే పోనీలే అనుకున్నాను. చెయ్యి వెనక్కు తీసుకుని, ఆయన ఊపిరి తీసుకునే సందు కోసం కాచుకున్నాను.

"సార్, ఈ చోటిప్పుడు నాది. తమరు జరగాల."

అప్పుడు ఒంగోలు మనిషి, "ఆమె అన్నదే కరెక్టు సార్" అన్నాడు. తర్వాత బెంగళూరు కుర్రాడు. పెద్దాయన, "అలవాటు పొరపాటమ్మా, జరుగుతున్నాను" అన్నారు. జరిగారు. పిలిచాను. కడప, కడప అంటూ ఒకేసారి ముగ్గురు పలికారు. నా వంతు నేనూ జరుగుతూ పోయాను, పదకొండయ్యేదాకా నా పిలుపుకు ఎదురులేదు. ఎన్నో స్థానం వచ్చిందని తర్వాత కొందరు అడిగారు. మధ్యలో ఎక్కడో ఉన్నాను. దానికోసం పోలేదు.

ఓబులమ్మ రాగిముద్ద, వేరుశెనగలతో నూరిన పచ్చడి, అదే చెనిక్కాయల ఊరిమిండి పెట్టింది. తీగ చుట్టబోతే బట్టలింకా తడిగా ఉన్నాయి. "తీసుకుపో మా, నీ తీగ నీకు కావల్ల గదా" అని తనే తీసి కంచె మీద వేసింది. ఆ తీగను ఆమెకే వదిలేసి వైరు మాత్రం విప్పుకున్నాను. తీగ ఎక్కడైనా దొరుకుతుంది.

ఒంటిగంట బస్సు దొరికింది. నంద్యాలలో ఆగినప్పుడు మా ఆయన ఫోను చేశాడు. "ఆ పెద్దాయన రేపొస్తానంటాండాడు, ఏం చెప్పల్ల?"

భోజనానికి రమ్మనండి, సెట్టు మాత్రం ఇయ్యను అన్నాను. "మల్ల తీగ యాడ కడతావు?" అన్నాడు.

"డాబా మీదనే. ఫ్లాటుకొక బట్టల తీగ కట్టుకోవచ్చని మీటింగులో రాసుకున్నారు గదా. మనం ఇంతవరకూ కట్టుకోలేదు. రేపు కడతా. కార్యదర్శి అడిగితే మీ లుంగీ ఆరేసినానని చెప్పండి. దాంట్లోంచి మాట్లాడతాండానని గూడా చెప్పండి, దాచేదేం లేదు."

ఏడాది తర్వాత ఆయన నవ్వు విన్నాను. ఎత్తు లేనిదే ఈ విద్య లేదని చెప్పినవాళ్ళందరినీ ఆ తోటకు తీసుకుపోయి నిలబెట్టాలనిపించింది. బస్సు కదలడానికి ఇంకా కొంచెం టైముంది. సెట్టు చంకన పెట్టుకునే దిగి, బస్టాండు బయట అంగట్లో బట్టల క్లిప్పులు అడిగాను. తెల్లవి, నీలంవి, ఎర్రవి చూపించాడు. మా డాబా మీదివి కింద గేటు దగ్గరినుంచి కూడా బాగా కనబడాలని ఎర్రవే ఏరి తీసుకున్నాను.