నంది కింది గుంత

శ్రావణ మాసం, ఆదివారం సాయంత్రం. హాజరైనవారు: ప్రధానోపాధ్యాయులు జయరాజు సారు, లెక్కల అయ్యవారు రంగప్ప, టీకొట్టు ఉసేనప్ప, పోస్ట్‌మాన్ సుంకన్న, నేను.

ఈ ఉదయం కర్నూల్లో మా ఇంటి ముందు కుళాయి గొట్టం కోసం తవ్వుతుంటే గడ్డపార రాతికి తగిలి ఖంగుమంది. ఆ చప్పుడుకే లేచి వెళ్లి, పాత డైరీల్లోంచి ఈ పుట తీశాను. పత్తికొండ దగ్గరి ఒక పల్లెలో నేను బడి గుమాస్తాగా చేరిన తొలి ఏడాది అది.

జయరాజు సారు ఏళ్ల తరబడి ఒక నవల రాశారు. కొండ కింద గుప్తనిధి, దానికి తరతరాలుగా కాపలా కాసే రహస్య సంఘం. ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఎండ తగ్గాక, వరండాలో మాకు ఒక్కో అధ్యాయం చదివి వినిపించేవారు. అచ్చు వేయడానికి ఒక ప్రచురణకర్త ఒప్పుకున్నాడు. రాతప్రతి ఆ బుధవారమే పంపాలి. పదవీ విరమణ దగ్గరపడిన మనిషికి అది మొదటి పుస్తకం.

ఆ సాయంత్రం చదివిన భాగంలో నిధి జాడ బయటపడింది: పడమటి వైపు చూసే రాతినంది కింద. ఊరి పేరు మార్చారు గానీ, మా గుట్ట కింది నందిని ఎవరు పోల్చుకోరు?

"ఎన్ని బిందెలుండాయో అదన్నా చెప్పు సారూ," అన్నాడు ఉసేనప్ప.

"ఇప్పుడే చెప్తే వచ్చే ఆదివారం నువ్వు వస్తావా ఏమప్పా?" అన్నారు సారు.

"ఆ సంఘమోళ్లు అచ్చం మా రంగప్ప అయ్యవారి మాదిరే ఉండారు. సచ్చినా నోరిప్పరు!" అన్నాడు సుంకన్న.

నవ్వుకుంటూ లేచాం. చివరి అధ్యాయం మిగిలింది.

మర్నాడు పొద్దున ఊరంతా గుట్ట కింద ఉంది. నంది పక్కకు ఒరిగి ఉంది. దాని చెవి ఒకటి విరిగింది. కింద నడుము లోతు గుంత, అందులో ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. సోమవారం సోమవారం అక్కడ దీపం పెట్టే లక్ష్మక్క ఆ విరిగిన చెవిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నా బసవన్న ఎవురికేం చేసినాడప్పా?" అని వచ్చిన ప్రతివాణ్ణీ అడుగుతోంది.

"కథ ఇన్నోళ్లం నలుగురమే సారూ. ఎవరో ఈడనే తేల్చేద్దాం," అన్నాడు రంగప్ప.

సారు గుంతలోకి చూశారు. "తవ్వింది నా కథే అప్పా. ఇంగ ఎవర్నీ అడగొద్దు. ఆ రాత ఇంగ అచ్చుకు పోదు," అన్నారు. చొక్కా చేతులు మడిచి గుంత పూడ్చడానికి పార అందుకున్నారు. కాసేపటికి మేమూ ఒక్కొక్కరం దిగాం.

ఏదైనా తేల్చి రాసుకోనిదే నిద్రపట్టని మనిషిని నేను. ఎవరి అరచేతుల్లో అప్పటికే బొబ్బలున్నాయో ఒక్కసారి చూస్తే తేలిపోయేది. తలెత్తబోయాను. సారు మట్టి వైపు తప్ప ఎటూ చూడటం లేదు. నేనూ తల దించుకున్నాను. తర్వాత నౌకరీలో ఎవరివైపైనా వేలెత్తబోయినప్పుడల్లా ఆ వంగిన వీపే కళ్లముందు నిలిచేది. ఇప్పటికీ నిలుస్తుంది.

ఆ సోమవారం పుటలో హాజరైన పేర్లు మాత్రమే రాశాను, ముందునాటి ఐదే. గుంత పూడ్చి, నందిని నిలబెట్టేసరికి ఎండ నెత్తికెక్కింది. అప్పటికి అందరి అరచేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి.