సమ్మెకు దిగిన జలపాతం

బంద్‌కు పిలుపునిచ్చేవాళ్లు వేరు, పాటించేవాళ్లు వేరు. పిలుపు ఎవరిదైనా, కారణం ఏదైనా, ముందు తాళం వేసి ఆ తర్వాత పేపరు చదివే మహానుభావుణ్ని మాత్రం నేను ఒక్కణ్నే చూశాను. ఆయన అనంత్ రావు. కోరుట్ల అవతల గుట్టల్లో ఉన్న మా దుంకుడు పార్కు కమిటీకి అధ్యక్షుడు. నేను కార్యదర్శిని. తాళంచెవి ఆయన దగ్గర, రబ్బరు స్టాంపు నా దగ్గర.

గుట్టమీది చెరువు నిండి, మత్తడి అనే అలుగు దాటిన నీళ్లు బండమీంచి కిందికి దుంకుతాయి కనుక ఆ జలపాతాన్ని ఊరంతా దుంకుడు అంటుంది. దాని ఎత్తు డెబ్భై అడుగులని బోర్డు చెబుతుంది. కొలిచినవాళ్లెవరూ బోర్డుతో ఏకీభవించలేదు. చుట్టూ పార్కు కట్టి ఉయ్యాలలు వేశాం, సిమెంటు జింకను నిలబెట్టాం. దానికి కొమ్ములు అతికించాల్సిన పనివాడు ఏదో బంద్‌లో చిక్కుకుపోయాడు. అప్పట్నుంచి అది మేకగా చలామణీ అవుతోంది.

అనంత్ రావు తాతలు గడీ తలుపు మూస్తే ఊరు గజగజలాడేదట. మనవడికి మూయడానికి పార్కు గేటొక్కటే మిగిలింది. తెలంగాణ ఉద్యమం రాజుకున్నాక ఆయనకు రోజూ పండగే. జగిత్యాల బంద్ అంటే మూశాడు. సిరిసిల్ల బంద్ అంటే మూశాడు. రాష్ట్రాన్ని విడదీయొద్దని అవతలి ప్రాంతంవాళ్లు బంద్ పెడితే, దానికీ మూశాడు.

"గది మనకు ఎదురు బంద్ గదా రావుసాబ్," అన్నాను.

"బంద్‌ల మనది, వాళ్లది ఏందుంటది సారూ? బంద్ బందే."

గోడ దూకి వచ్చే కోతులను కూడా వదిలేవాడు కాదు. "గింత ఉద్యమం నడుస్తుంటే మీకు ఉయ్యాలలు గావాల్నా?" అని నిలదీసేవాడు. కోతులు ఆ విషయమై ఎన్నడూ ప్రకటన చేయలేదు.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, మా కాలేజీ ఆగింది, బొగ్గు ఆగి కరెంటు కూడా ఆగింది. ఒక సాయంత్రం ఐలవ్వ గేటు దగ్గరికి వచ్చింది. పార్కుకు దిగువన సర్కారు కూలీలకు పంచిన భూమిలో ఆమెకో మెట్ట చెలక ఉంది. దాన్ని మడి చేసి వరి వేసింది.

"దొరా, మోటరు నడుస్తలేదు. వరి పొట్టకచ్చింది. గిప్పుడు నీళ్లు లేకుంటే గడ్డే మిగులుతది. మత్తడికాడ మా పాత కాలువ తెరిపియ్యి."

ఆ కాలువ కథ ఊరందరికీ తెలుసు. దుంకుడు ధార లావుగా కనబడాలని, పార్కు ప్రారంభం నాడు దాన్ని రాళ్లతో మూయించింది అనంత్ రావే. 'అందానికి త్యాగం తప్పదు' అని ఉపన్యాసం కూడా ఇచ్చాడు. అందం పార్కుకూ త్యాగం ఐలవ్వకూ కేటాయించారు.

"మూసింది మూసిందే," అన్నాడు అనంత్ రావు. "మూసినంక తెరిచిన రివాజు మా ఇంట్ల లేదు."

మర్నాడు పార్కుకు వెళితే బండ బోసిగా ఉంది. గేటుకు అట్టముక్క వేలాడుతోంది: 'జలపాతం సమ్మెలో ఉన్నది.'

"ఇదేంది రావుసాబ్?"

"దేశమంత సమ్మెల ఉంటే గిదొక్కటి డ్యూటీ చేస్తదా? సిగ్గుండాలె."

"నీళ్లను ఎట్ల ఆపిన్రు?"

"నేనెందుకు ఆపుత? అదే స్వచ్ఛందంగ దిగింది."

అంటున్న మనిషి తెల్ల ప్యాంటుకు మోకాళ్లదాకా బురద. పాపం, జారిపడ్డాడనుకున్నాను. మర్నాడూ బురదే. ఇంత క్రమశిక్షణతో జారిపడే నాయకుణ్ని ఉద్యమం అంతకుముందు చూసి ఉండదు.

వార్త పాకింది. ఉద్యమ నాయకులు వచ్చి ఎండిన బండకు దండ వేశారు. నీళ్లు పడుతున్నప్పుడు ఎన్నడూ రాని సిరిసిల్లవాళ్లు, పడటం లేదని తెలిసి ఆటోలు కట్టించుకుని వచ్చారు.

ఇంతలో సద్దుల బతుకమ్మ. ఏటా దుంకుడు కింది మడుగులోనే బతుకమ్మలను వదులుతారు. ముందు నడిచి వచ్చిన శారదమ్మ, అంటే సాక్షాత్తూ అధ్యక్షులవారి భార్య, మడుగు చూసి ఆగిపోయింది.

"బతుకమ్మను గీ బురదల ఏసుడా? నీ సమ్మె ఒక్క పూట ఆపు."

"పాలకు, దవాఖానకు తప్ప మినహాయింపు లేదు శారదా."

"గట్లనా? రేపటిసంది మన వంటిల్లు గూడ సమ్మెల దిగుతది."

అధ్యక్షుడి మొహం వాడింది. అయినా కదల్లేదు. కడుపును ఆశయానికి బలిపెట్టడం ఆయన చరిత్రలో అదే మొదలు.

ఆడవాళ్లలోంచి ఐలవ్వ ముందుకొచ్చింది. "దుంకుడును ఏమనకు దొరసానీ. నీళ్లు మా మడికాడున్నయి. రాండ్రి, అక్కడ్నే ఏద్దాం."

అందరం దిగువకు నడిచాం. మోటర్లు మూగపోయి ఉన్నాయి. వరి మాత్రం నిండు చూలాలిలా నిలబడింది. పక్కనే పాత కాలువ గలగలా పారుతోంది. గడీ ఇంటి ఆడమనిషి ఆ గట్టు ఎక్కడం అదే మొదటిసారి. శారదమ్మ వరివైపు చూసింది, కాలువవైపు చూసింది, చివరికి మొగుడి ప్యాంటువైపు చూసింది.

"తప్పయింది, తెరిచిన అంటే నోరు అరుగుతదా?"

"తెరిచిందెవరు? సమ్మెల ఉన్న నీళ్లు యాడ తిరుగుతయో నాకేమెరుక?"

"ఎరుకలేదు పాపం," అంది ఐలవ్వ. గట్టుమీంచి పార తీసి ఆయన చేతిలో పెట్టింది. "పొద్దుగాల గిది మర్చిపోయిన సంగతి గూడ ఎరుకలేదు దొరకు."

గునుగుపూల బతుకమ్మలు కాలువలో సాగిపోయాయి. ఆడవాళ్లు పాట మరిచి నవ్వుతున్నారు. అనంత్ రావు ఆ పారను, అదెవరిదో విచారణ జరపాల్సిన వస్తువులా పట్టుకుని నిలబడ్డాడు.

సమ్మె విరమించారు. బస్సులు కదిలాయి, బడులు తెరిచారు. బండ మాత్రం బోసిగానే ఉంది.

"ఇంకెందుకు రావుసాబ్?" అన్నాను.

"దాని డిమాండ్లు ఇంక తీరలే సారూ."

వరికోతలయ్యాక డిమాండ్లు తీరాయి. దుంకుడు డ్యూటీలో చేరింది.

తర్వాత తెలంగాణ వచ్చింది. ఊరేగింపులు జరిగాయి, మిఠాయిలు పంచుకున్నాం. ఆ ఏడు కూడా వరి పొట్టకొచ్చే వేళకు గేటుకు అదే అట్టముక్క వేలాడింది.

"రాష్ట్రం అచ్చె గదా. ఇంకేం సమ్మె?"

"రాష్ట్రం మనకచ్చింది. దుంకుడుకేమచ్చింది?" అన్నాడు అనంత్ రావు, తాళం వేస్తూ.

నేను ఆయన ప్యాంటువైపు చూశాను. పాపం, మళ్లీ జారిపడ్డట్టున్నాడు.