కనవడ్తాందా అని అడిగిన అక్క

మొన్న శుక్రవారం పొద్దున మడికొండలో బస్సు దిగుతుండగా కబురు తెలిసింది. మా టెస్టింగ్ లీడ్ ఇక లేరు. ఒంట్లో బాగాలేక కొన్ని నెలలుగా సెలవులో ఉన్నారు. తిరిగొస్తారనే అనుకున్నాం. ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ ఆమె అక్కే.

నాకు పని నేర్పింది ఆమె. వెబ్‌సైట్‌ను మనిషికి బదులు తామే తెరిచి, బటన్లు నొక్కి, తప్పుంటే చెప్పే ప్రోగ్రాములు రాయడం మా పని. నా మొదటి టెస్టు చూసి, తన డబ్బాలోని సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టి, "బటన్ పేజీల ఉన్నదా అని అడిగినవ్. కనవడ్తాందా అని అడుగు. రెండూ ఒక్కటి గాదు చెల్లె" అన్నారు.

ఆ తేడా నాకు పత్తి సైటుతో బోధపడింది. రైతులు మార్కెట్‌కు పత్తి తెచ్చే రోజును ముందే బుక్ చేసుకునే సైటు అది. విడుదల రోజు టెస్టులన్నీ పాసయ్యాయి. అయినా అక్క, నర్సంపేట దగ్గర వ్యవసాయం చేసే తమ్ముడికి లింకు పంపి ఫోన్ చేశారు.

"బుక్ చేసే బటన్ యాడున్నదక్కా? నాకైతే కనవడ్తలేదు" అన్నాడతను.

చిన్న ఫోన్లలో ఆ బటన్ దాగిపోతోంది. పేజీలో ఉంది గనుక మా టెస్టు ఉందనే చెప్పింది.

"ఇయ్యాల ఇస్తమని మాటిచ్చినం. రేపు సరిచేద్దాం" అన్నాడు మేనేజర్.

"బుకింగ్ లేకుంట బండి కట్టుకొని వచ్చేటోనికి ఏం జెప్తం సార్? నా పేరు మీద ఆపుండ్రి. మాటలు నేను పడ్త."

పడ్డారు కూడా. కాల్‌లో క్లయింట్ గట్టిగానే మాట్లాడాడు. అంతా విని బయటికొచ్చి, "జర చాయ్ తాగుదాం పా" అన్నారు. ఆ తర్వాత నా పక్కనే కూర్చుని, చిన్న తెర మీద ప్రతి బటనూ కంటికి కనిపిస్తోందో లేదో చూసేలా టెస్టులు రాయించారు. ఇప్పుడు కొత్తవాళ్లకు పని చెప్పేటప్పుడు నా నోట ఆమె మాటే వస్తుంది.

సైటు మొదలైన ఏడాది పత్తి సీజన్‌లో నన్ను కేసముద్రం మార్కెట్‌కు తీసుకెళ్లారు. ఎండ చురుక్కుమంటోంది. ఒక పెద్దాయన ఫోన్ అటూ ఇటూ తిప్పుతూ, "ఎండకు ఏం కనవడ్తలేదు బిడ్డా" అన్నాడు. అక్క కొంగు పరిచి ఆయన ఫోన్‌కు నీడ పట్టారు.

"ఇప్పుడు జూడు బాపు."

ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. అక్క కదల్లేదు, తొందరపెట్టలేదు. చేతులు రెండూ పైకెత్తి అలాగే నిలబడ్డారు. గాలికి లేచిన పత్తి పింజలు మెల్లగా ఆమె జుట్టు మీద వాలుతున్నాయి.