నవమి నాటి వాగు మట్టం

మొన్న మా కాలేజీ ల్యాబులో ఒక పిల్ల చెయ్యెత్తి, "మేడమ్, విండోల స్ట్రింగ్ రాసిన, ఎర్రర్ గూడ లేదు. గని తెర మీద ఏం వస్తలేదు" అంది. పోయి చూస్తే నల్లటి టెర్మినల్ తెర, అందులో గీతలతో కట్టిన పెట్టె, అదే విండో, దాని లోపల మాత్రం ఏమీ లేదు. "రిఫ్రెష్ రాయలేదు గదమ్మా" అన్నాను. పిల్ల ఆ ఒక్క లైను చేర్చింది, అక్షరాలు టక్కున వచ్చాయి, మొహం విప్పారింది. ఇన్నేళ్ళుగా ఇదే పాఠం చెబుతున్నాను, ఈ లైను దగ్గరికి వచ్చేసరికి నాకు ఒక వాగు గుర్తొస్తుంది. కుర్చీ లాక్కుని కూర్చుంటే, పాపం, ఇంకో పిల్ల నీళ్ళ సీసా తెచ్చిచ్చింది.

తొంభైలలో మాట. మా అక్కను ఇచ్చింది ఆదిలాబాద్ జిల్లాలో ఒక వాగొడ్డు ఊరికి. జైనూర్ వైపు గుట్టల్లోంచి దిగే వాగది. బావ ఆ వాగు మట్టం కనిపెట్టే చిన్న ఆఫీసులో ఇంజనీరు. పైన గుట్టల్లో ఒక కొలత యంత్రం పెట్టారు, అది పంపే అంకెలను రేడియో మీద బావ గదిలోని కంప్యూటర్ అందుకునేది. పైన లేచిన నీళ్ళు ఊరి దగ్గరికి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. మట్టం హద్దు దాటిందని తెర మీద చూడగానే డ్యూటీలో ఉన్నాయన సైరన్ మోగించాలి. ఆఫీసుకున్న పని అంతే, ఊరికున్న ధైర్యమూ అంతే.

ఆ తెరను రాసింది బావే. నేనప్పుడు కరీంనగర్‌లో కంప్యూటర్ కోర్సు చేసి, నాలుగు ముక్కలు వచ్చేసరికి నన్ను మించినోళ్ళు లేరనుకునే రోజులు. పండక్కి పోయినప్పుడల్లా బావ నన్ను కూర్చోబెట్టి గొప్పలు పోయేవాడు. "రాసుడు వేరే, సూపెట్టుడు వేరే పిల్లా. ముందుగాల విండోల రాస్తం, గది మన కండ్లకు ఆనది. రిఫ్రెష్ అంటెనే తెర మీదికొస్తది." అస్తమానం తెర మారుతుంటే కళ్ళు గుంజుతున్నాయని డ్యూటీవాళ్ళు మొత్తుకుంటే, ఏదైనా మీట నొక్కినప్పుడే కొత్త అంకెలు కనిపించేలా మార్చాడు. అందరికీ హాయిగా ఉంది. ఆ మీటల మీద ఎవరివో ఒకరి వేళ్ళు ఎప్పుడూ ఆడుతూనే ఉండేవి మరి, దాంతో ఎవరికీ ఏ లోటూ తెలియలేదు.

ఆ ఏడు ఆ ఊళ్ళో సద్దుల బతుకమ్మ నవమి నాడు చేశారు. ఆఫీసులో ఆయుధపూజ కూడా ఆ పొద్దునే. స్పానర్లు, జీపు, రేడియో పెట్టె, అన్నిటితోపాటు కంప్యూటర్‌కూ పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కీబోర్డు మీద కొత్త తువ్వాల కప్పారు. పూజ చేసిన పనిముట్టును మర్నాటి దాకా ముట్టకూడదు, అది ఆచారం. తెరను మాత్రం ఆర్పలేదు, వాగును చూస్తుండాలి కదా!

పొద్దు వాలుతుండగా అక్కా, అత్తమ్మా ఊరి ఆడవాళ్ళతో బతుకమ్మలెత్తుకుని వాగుకు పోయారు. అత్తమ్మంటే బావను కన్నతల్లి, నన్ను సొంత కూతురికన్నా ఎక్కువ గారాబం చేసిన మనిషి. నేను బావకు గారెలు పట్టుకుని ఆఫీసుకు పోయాను. మా నెత్తిన ఆకాశం కడిగినట్టుంది. గుట్టల వైపు మాత్రం నల్లగా మూసుకుపోయి, గాలిలో తడి మట్టి వాసన వేస్తోంది. నాకెందుకో ఆ వాసన నచ్చలేదు.

"పొద్దటిసంది వాగు జర గూడ కదల్లేదు సార్. పండుగ పూట ఫికర్ లేదు" అంటున్నాడు డ్యూటీ ఆయన. నేను తెర వైపు చూశాను. మూలన టైము కూడా కనిపిస్తుంది. నవ్వొచ్చింది. "ఏంది బావా, నీ కంప్యూటర్‌ల ఇంకా పొద్దుగాలనే ఉన్నది?"

బావ చేతిలో గారె అట్లాగే ఆగిపోయింది. గోడ గడియారం చూశాడు, తెర చూశాడు. తువ్వాల మీదికి చెయ్యి చాపితే డ్యూటీ ఆయన అడ్డం వచ్చాడు. "ముట్టద్దు సార్, అరిష్టం! రేపటిదాక ముట్టద్దు!"

"తప్పుకోవయ్యా!" అని అరిచాడు బావ. ఆయన అరవగా నేను విన్నది అదొక్కసారే. తువ్వాల లాగేస్తే పూలన్నీ కింద పడ్డాయి. ఒక మీట నొక్కాడు. పొద్దటి నుంచి లోపల రాసుకుంటూ పోయినదంతా ఒక్కసారి తెర మీదికి వచ్చింది. మట్టం మారింది, టైము మారింది, అడుగున హద్దు దాటిందన్న వరుస మినుకుమంటోంది. హద్దు ఎప్పుడు దాటిందో కూడా దాని పక్కనే ఉంది.

సైరన్ మోగింది. బావా నేనూ వాగు వైపు పరుగెత్తాం. ఆడవాళ్ళు చంకల్లో పిల్లలతో గట్టెక్కుతున్నారు, పాటలు పాడిన గొంతులే ఏడుస్తున్నాయి. అక్క కనబడగానే గట్టిగా పట్టేసుకున్నాను. "అత్తమ్మేదే?" అంటే వెనక్కి చూపించింది. పెద్దదని అందరి బతుకమ్మలనూ అత్తమ్మ చేతికే ఇస్తారు, ఆమె నడుం లోతు దిగి ఒక్కొక్కటే నీళ్ళలో వదులుతుంది. అక్క చూపించిన చోట ఎర్ర నీళ్ళు, వాటి మీద తంగేడు పూలు. బావ "అవ్వా!" అని దిగబోతే నలుగురు పట్టుకుని ఆపారు. మూడో రోజు చాలా కిందికి దొరికింది అత్తమ్మ.

తర్వాత బావ ప్రతి రాతకూ వెంటనే రిఫ్రెష్ పెట్టాడు. ఎవరి కళ్ళు గుంజినా వినలేదు. హద్దు దాటిన టైమును ఆ రోజు తెర మీద ఆయనా చదివాడు, నేనూ చదివాను. అది మధ్యాహ్నం, మేమంతా బంతిలో భోజనానికి కూర్చున్న వేళ. ఏదో మాటకు అందరం పొర్లి పొర్లి నవ్వుతున్నాం. అత్తమ్మ పచ్చిపులుసు గిన్నె పట్టుకుని వచ్చి, వద్దన్నా వినకుండా, "తిను బిడ్డా, వాగుకు పోనీకి ఇంక బాగ పొద్దున్నది" అని నాకు ఇంకో గరిటె పోసింది. అప్పటికే గుట్టల్లో నీళ్ళు బయల్దేరాయి.